చెట్టంత కొడుకు గుమ్మం దాటే ముందు: మతీస్ యుద్ధకాలపు ఇంటి బొమ్మలు

నలుగురు మనుషులు ఒకే చోట ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. చిన్న కొడుకు పియానో ముందు కూర్చున్నాడు. అక్క అతని పక్కన నిలబడి పాఠం చూస్తోంది. పెద్ద కొడుకు చేతుల కుర్చీలో కూర్చుని, సిగరెట్టు తాగుతూ, చదువుకుంటున్నాడు. అతనికి అప్పుడే మీసం వచ్చింది. తల్లి బయట తోటలో కుట్టుపనిలో తల వంచుకుని ఉంది. పియానో మీద తెరిచిన పెట్టె, అందులో ఒక వయొలిన్. ఆ వయొలిన్ వాయించే ఇంటి యజమాని మాత్రం ఎక్కడా కనిపించడు. ఎందుకంటే ఈ బొమ్మ వేస్తున్నది ఆయనే.

చిత్రం పేరు ‘సంగీత పాఠం’. వేసినవాడు ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ మతీస్. వేసిన కాలం 1917 వేసవి. ఇల్లు పారిస్ శివార్లలోని ఇస్సీ-లె-మూలినోలో ఉంది. సరిగ్గా ఏడాది ముందు, 1916 వేసవి చివర్లో, ఆయన ఇదే గదిని, ఇదే పియానోను, ఇదే కిటికీని, దాదాపు ఇదే కొలతల కాన్వాసు మీద మరో రకంగా వేశాడు. దాని పేరు ‘పియానో పాఠం’. రెండూ సుమారు 245 సెంటీమీటర్ల ఎత్తున్న పటాలు. నిలువెత్తు మనిషి కన్నా ఎత్తు. ఫోను తెర మీద అరచేతిలో చూసినప్పుడు ఈ సంగతి అసలు తెలియదు. ఇవి గోడకు తగిలించుకునే చిన్న ఇంటి దృశ్యాలు కావు. యుద్ధ విజయాల బొమ్మలు వేసే కొలతల్లో వేసిన పియానో పాఠాలు.

అది మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. ఆ రెండేళ్లలో ఫ్రాన్సులో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. 1916 ఫిబ్రవరి 21న మొదలైన వెర్దూన్ పోరు డిసెంబరు దాకా సాగింది. జులై 1న సోమ్ నది దగ్గర దాడి మొదలుపెట్టిన ఆ ఒక్కరోజే బ్రిటిష్ సైనికులు 19,240 మంది చనిపోయారు. 1917 ఏప్రిల్‌లో ఫ్రెంచి సైన్యం ఎన్నో ఆశలు పెట్టుకుని చేసిన దాడి విఫలమైంది. ఆ తర్వాత చాలా దళాలు ఇక ముందుకు వెళ్లేది లేదని తిరగబడ్డాయి. ఇంత జరుగుతుంటే ఈయన పియానో బొమ్మలు వేసుకుంటూ కూర్చున్నాడా? మతీస్ మీద ఈ నింద పాతదే. ప్రపంచం తగలబడుతుంటే తలుపు వేసుకున్న మనిషని అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ బొమ్మలను తేదీ చూడకుండా చూస్తే అలాగే అనిపిస్తుంది. తేదీ చూసి, ఇంట్లోవాళ్ల వయసులు లెక్కపెట్టి, మళ్లీ చూస్తే యుద్ధం ప్రతి మూలా కనిపిస్తుందని నా నమ్మకం.

ముందు ఆ ఇంటి పరిస్థితి చెప్పాలి. మతీస్ 1869 డిసెంబరు 31న ఉత్తర ఫ్రాన్సులోని ల కాతోలో పుట్టాడు. పెరిగింది పక్కనే ఉన్న బోఏన్ అనే నేతపనివాళ్ల ఊళ్లో. 1914 ఆగస్టు 26న ల కాతోలోనే పెద్ద పోరు జరిగింది. ఆ తర్వాత ఆ ప్రాంతమంతా జర్మనీ ఆక్రమణలోకి వెళ్లిపోయింది. వృద్ధురాలైన తల్లి బోఏన్‌లోనే చిక్కుకుపోయింది. తమ్ముణ్ణి బందీగా జర్మనీకి తీసుకుపోయారు. తల్లి బతికి ఉందో లేదో తెలుసుకునే దారి కూడా కొడుక్కి లేదు. యుద్ధం మొదలయ్యేనాటికి మతీస్‌కు 44 ఏళ్లు. సైన్యంలో చేరతానని వెళితే వయసు, ఆరోగ్యం చూసి వద్దన్నారు. డెరాన్, బ్రాక్ వంటి చిత్రకార స్నేహితులు యుద్ధరంగంలో ఉన్నారు. 1915లో బ్రాక్ తలకు పెద్ద గాయమైంది. ఇస్సీలోని ఈ ఇంటిని కూడా యుద్ధం తొలి నెలల్లో ఫ్రెంచి సైన్యం కొంతకాలం తన అవసరాలకు తీసుకుంది. అప్పుడు కుటుంబం దక్షిణానికి వెళ్లిపోవాల్సి వచ్చింది. అంటే ఈ బొమ్మల్లో మనం చూస్తున్నది ఒకసారి చేజారి, మళ్లీ చేతికొచ్చిన గది.

ఏం చేస్తే దేశానికి పనికొస్తామని మతీస్, ఆయన స్నేహితుడైన చిత్రకారుడు మార్కే కలిసి మంత్రివర్గంలో ఉన్న మార్సెల్ సాంబాను అడిగారు. ఇప్పుడు చేస్తున్నట్టే మంచి బొమ్మలు వేస్తూ ఉండండని ఆయన జవాబు. ఈ మాట మతీస్‌కు ఊరటనిచ్చిందని నేను అనుకోను. తన ఊరి బందీల కోసం ఆయన చెక్కుడు ముద్రల చిత్రాలు చేసి అమ్మి, ఆ డబ్బును వాళ్ల సహాయ నిధికి ఇచ్చాడు. చేతనైన పని అదొక్కటే, దాన్నే చేశాడు. మిగిలిన రోజంతా కాన్వాసు ముందే.

ఇక 1916 నాటి ‘పియానో పాఠం’ దగ్గరికి వద్దాం. ఇది ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. బొమ్మలో ఎక్కువ భాగం బూడిద రంగే. గది గోడ ఎక్కడ ముగిసిందో, కిటికీ ఎక్కడ మొదలైందో ఆ రంగు చెప్పదు. ఎడమవైపు కోసుకుపోయినట్టున్న ఒక ఆకుపచ్చ త్రికోణం. అదే తోట. తోటలోని చెట్లు, పూలు, గడ్డి అన్నీ పోయి, ఆ ఒక్క ముక్క పచ్చదనం మిగిలింది. కిటికీ కింది భాగంలో ఇనుప కమ్మీల అల్లిక. పియానో మీద స్వరపుస్తకం పెట్టే పీట అల్లిక కూడా అదే తీగలాగా సాగుతుంది. అందులో ‘ప్లెయెల్’ అనే పియానో కంపెనీ పేరు తలకిందులుగా కాకుండా వెనక్కి తిరిగి కనిపిస్తుంది. అంటే మనం వాయించేవాడి పక్కన లేము. పియానో వెనక నిలబడి అతని ముఖంలోకి చూస్తున్నాం.

ఆ ముఖం దగ్గర కాసేపు ఆగాలి. ఒక కంటిని మింగేస్తూ త్రికోణంలాంటి నీడ పడింది. గులాబీ రంగు పియానో మీద మెట్రోనోమ్ ఉంది. టక్ టక్‌మంటూ తాళం లెక్కపెట్టే చిన్న గోపురం లాంటి యంత్రం అది. దాని ఆకారమూ త్రికోణమే. తోటది త్రికోణం, తాళం యంత్రానిది త్రికోణం, పిల్లాడి ముఖాన్ని కోసిన నీడదీ త్రికోణమే. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఈ ముఖం పరిచయమే. బయట ఎండ, ఆటలు, లోపల సరళీ స్వరాలు, పక్కన గురువుగారి బెత్తం. అయితే ఈ గదిలో గురువు కూడా లేదు. కుడివైపు పైన ఎత్తు పీట మీద కూర్చుని, కఠినంగా చూస్తున్న స్త్రీని పాఠం చెప్పే పంతులమ్మ అనుకుంటాం. నిజానికి అది 1914లో మతీస్ వేసిన ఒక చిత్రం. గోడకు తగిలించి ఉంది. ఎడమవైపు కింద, మూలలో కనిపించే నగ్న స్త్రీ 1908లో ఆయన చేసిన కంచు శిల్పం. గదిలో మూడు ఆకారాలున్నాయి. ప్రాణమున్నది ఒక్క పిల్లాడికే. పక్కన ఒక కొవ్వొత్తి ఉంది. అదీ కాలం అయిపోతోందని చెప్పేదే.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ పిల్లాడు చిన్న కొడుకు పియర్. పుట్టింది 1900 జూన్‌లో. ఈ బొమ్మ వేసేనాటికి అతనికి 16 నిండాయి. మరి బొమ్మలో కనిపించేది పీట మీద తల మాత్రమే తేలుతున్న ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లాడు. మతీస్ కొడుకు వయసును సగానికి తగ్గించేశాడు. ఆకారాలను సరళం చేస్తూ పోయే శైలిలో ఇలా జరగడం మామూలేనని కొందరు అంటారు. అది కొంత నిజమే. కానీ ఆ ఏళ్లలో ఫ్రాన్స్ 18, 19 ఏళ్ల కుర్రాళ్లను కూడా ముందుగానే సైన్యంలోకి పిలుస్తోంది. ప్రతి ఇంట్లో తల్లిదండ్రులు కొడుకుల పుట్టిన సంవత్సరాన్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్న కాలం. అలాంటప్పుడు ఒక తండ్రి కొడుకును కాలంలో వెనక్కి నెట్టి చిన్నపిల్లాణ్ణి చేశాడంటే, పక్కనే టక్ టక్‌మనే యంత్రాన్ని పెట్టాడంటే, దాన్ని కేవలం శైలి అని సరిపెట్టుకోవడం నా వల్ల కాదు. మతీస్ తన ఉద్దేశం ఇదని చెప్పలేదు. ఇది బొమ్మ ముందు నిలబడి నేను చేసుకున్న అర్థం.

ఇదే కుటుంబాన్ని ఆయన 1911లోనూ వేశాడు. ‘చిత్రకారుడి కుటుంబం’ అని పేరు. ఆ బొమ్మలో మగపిల్లలిద్దరూ ఎర్రటి బట్టల్లో గళ్ల పలక ఆట ఆడుతున్నారు. కూతురు చేతిలో పసుపు రంగు పుస్తకం. భార్య ఆమెలీ కుట్టుపనిలో ఉంది. తివాసీ, గోడ, పొయ్యి గూడు, అన్నీ పువ్వులు, గళ్లు. కన్ను నిలవడానికి ఖాళీ స్థలమే లేదు. దాన్ని కొన్న రష్యా వ్యాపారి షుకిన్ మాస్కోకు తీసుకుపోయాడు. ఇప్పుడది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్‌లో ఉంది. ఆ నిండు ఇల్లు 1916కు వచ్చేసరికి ఒక పిల్లాడు, బోలెడంత బూడిద రంగుగా మారిపోయింది. మధ్యలో జరిగింది యుద్ధమే. షుకిన్ లాంటి కొనుగోలుదారుడితో సంబంధం తెగిపోయింది. స్నేహితులు చెదిరిపోయారు. పుట్టిన ఊరు శత్రువు చేతిలో ఉంది.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ‘సంగీత పాఠం’లో మనుషులు మనుషుల్లా ఉన్నారు, చెట్లు చెట్లలా ఉన్నాయి. ‘పియానో పాఠం’లో అంతా ఆకారాలుగా తగ్గిపోయింది. కాబట్టి మొదట ఉన్నదున్నట్టు వేసి, తర్వాత దాన్ని కుదించి ఉంటాడని సహజంగా అనుకుంటాం. ఆధునిక చిత్రకళ కథను మనకు అలాగే చెప్పారు మరి. ఉన్నదున్నట్టు వేయడంతో మొదలై, ఆకారాలన్నీ వదిలించుకోవడంతో ముగిసే ముందడుగుల కథ. కానీ మతీస్ వరస తలకిందులు. కుదించిన బొమ్మ ముందు, నిండు బొమ్మ తర్వాత. అందుకే చాలా కాలం పాటు విమర్శకులు మొదటిదాన్ని సాహసమని మెచ్చుకుని, రెండోదాన్ని వెనకడుగుగా చూశారు. మెత్తబడ్డాడు, అలసిపోయాడు, తేలిక దారి పట్టాడు అన్నారు.

నన్నడిగితే రెండో బొమ్మకు కారణం పెద్ద కొడుకు. జాన్ పుట్టింది 1899 జనవరిలో. 1917 జనవరికి 18 నిండాయి. ఆ వేసవిలోనే అతను సైన్యంలోకి వెళ్లాడు. అంటే తండ్రి ‘సంగీత పాఠం’ వేస్తున్న రోజుల్లో చెట్టంత కొడుకు ఇంట్లో గడిపేవి చివరి రోజులు. కొడుకు ప్రయాణం కట్టుకుంటున్న ఇంట్లో ఎవరైనా ఏం చేస్తారు? అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి ఫోటో తీయించుకుంటారు. మతీస్ చేసింది అదే. బూడిద రంగులోంచి ఒక్కొక్కరినీ వెనక్కి తెచ్చి కూర్చోబెట్టాడు. ఆ ముందరి ఏడాది గోడ మీది చిత్రం పంతులమ్మ పాత్ర పోషించిన గదిలో ఇప్పుడు నిజంగానే అక్క మార్గరీట్ వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది. ఒక్క ముక్కగా మిగిలిన తోట మళ్లీ ఆకులు తొడిగి, కిటికీ నిండా పరుచుకుంది. మధ్యలో కొలను, కొలను వెనక ఆయన పాత శిల్పమొకటి అసలు కన్నా ఎన్నో రెట్లు పెద్దదై పడుకుని ఉంది. అక్కడే ఆమెలీ కుట్టుకుంటోంది. మెట్రోనోమ్ లేదు. తాళం లెక్కపెట్టే యంత్రాన్ని తండ్రి తీసి పక్కన పెట్టేశాడు.

స్వరపుస్తకం మీద హైడన్ అనే పేరు కనిపిస్తుంది. హైడన్ ఆస్ట్రియా సంగీతకారుడు. 1917లో ఆస్ట్రియా ఫ్రాన్సుకు శత్రుదేశం. పారిస్ వేదికల మీద అప్పట్లో జర్మన్ సంగీతకారుడు వ్యాగ్నర్ సంగీతం వినిపించడం మానేశారు. హైడన్ పాతతరం మహానుభావుడు కాబట్టి ఆ కోపం అతని దాకా రాలేదు. పైగా ప్లెయెల్ పియానోల కంపెనీ పెట్టిన ఇగ్నాజ్ ప్లెయెల్ స్వయంగా హైడన్ శిష్యుడు. మతీస్ ఇదంతా ఆలోచించి పెట్టాడని నేననను. కానీ సైన్యంలోకి వెళ్లబోయే కొడుకు కూర్చున్న గదిలో, అవతలి దేశపు సంగీతాన్ని తమ్ముడు వాయిస్తున్నాడు. ఇల్లు అలాగే ఉంటుంది. సరిహద్దులు పియానో పీట మీదికి రావు.

జాన్ కూర్చున్న కుర్చీని వదిలిపెట్టి ముందుకు పోలేను. 1908లో రాసిన వ్యాసంలో మతీస్ తన కళ గురించి ఒక మాట అన్నాడు. అలసిన మనిషికి మంచి చేతుల కుర్చీ ఎలాంటి విశ్రాంతినిస్తుందో, తన బొమ్మ మనసుకు అలాంటిదే కావాలన్నాడు. ఆ మాటను పట్టుకుని ఆయన్ని సుఖజీవుల చిత్రకారుడని జీవితాంతం దెప్పిపొడిచారు. సరిగ్గా తొమ్మిదేళ్ల తర్వాత, ఆయన చేతుల కుర్చీ వేసి అందులో కూర్చోబెట్టినది యుద్ధానికి పోతున్న సొంత కొడుకును. ఆ కుర్చీ రేపటి నుంచి ఖాళీ. విశ్రాంతి అనే మాటకు ఆ మనిషి జీవితంలో ఎంత బరువుందో ఇంతకన్నా గట్టిగా చెప్పే సాక్ష్యం నాకు కనిపించలేదు.

కుటుంబం కలిసి ఉందన్న మాటే గానీ, ఎవరి లోకం వాళ్లది. ఒక్కరి చూపు కూడా మరొకరి చూపును కలవదు. చదివేవాడు పుస్తకంలో, వాయించేవాడు స్వరాల్లో, కుట్టేది గుడ్డలో. దీన్ని కొందరు ఒంటరితనమన్నారు. మన ఇళ్లలో పిల్లాడు మర్నాడు దూరదేశం వెళతాడనగా, ముందు రోజు సాయంత్రం ఎలా ఉంటుందో చూసినవాళ్లు అలా అనరు. ఆ పూట ఎవరూ ఆ విషయం ఎత్తరు. కూరలు తరుగుతారు, బట్టలు మడతపెడతారు, టీవీ చూస్తారు. కళ్లు కలిస్తే కన్నీళ్లు వస్తాయని అందరికీ తెలుసు.

ఈ బొమ్మకు రావలసిన పేరు ఆలస్యంగా రావడానికి ఇంకో కారణముంది. అది కళకు సంబంధించింది కూడా కాదు. అమెరికాకు చెందిన చిత్రాల సేకర్త డాక్టర్ బార్న్స్ 1920ల్లో దీన్ని కొని, తన సంస్థలో గోడకెక్కించాడు. తన దగ్గరున్న చిత్రాలను రంగుల్లో అచ్చు వేయడానికి ఆయన ఒప్పుకునేవాడు కాదు. రంగుల అచ్చు అసలును తప్పుగా చూపిస్తుందని పట్టుదల. ఆయన చనిపోయాక కూడా ఆ నియమం దశాబ్దాల పాటు సాగింది. మామూలు జనాన్ని లోపలికి రానిచ్చిందే 1961లో, అదీ కోర్టు గొడవ తర్వాత. 1990ల్లో ఆ చిత్రాలు దేశదేశాలు తిరిగే దాకా, ‘సంగీత పాఠం’ గురించి రాసినవారిలో చాలామంది దాన్ని నలుపు తెలుపు ఫోటోలోనే చూశారు. మతీస్ బొమ్మను రంగు లేకుండా చూడటమంటే పాటను శ్రుతి తీసేసి వినడమే. ‘పియానో పాఠం’ మాత్రం 1946 నుంచీ న్యూయార్క్ నడిబొడ్డున అందరి కళ్లముందూ ఉంది. రెండు బొమ్మలకూ సమానంగా న్యాయం జరగలేదని తెలుసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అన్ని యుద్ధ చిత్రాలూ ‘గెర్నికా’లా ఉండాలని ఆశించడం వల్లే ఈ చిక్కంతా వచ్చింది. 1937లో పికాసో వేసిన ఆ బొమ్మలో గుర్రం అరుస్తుంది, తల్లి చచ్చిన బిడ్డను ఎత్తుకుని ఏడుస్తుంది. బాంబు పడిన ఊరికి అది న్యాయమైన రూపం. మరి బాంబు పడని ఇంట్లో, పడుతుందేమోనని, పిలుపు వస్తుందేమోనని, ఉత్తరం రాదేమోనని గడిచే రోజులకు రూపం ఎవరిస్తారు? యుద్ధంలో ఎక్కువమంది ఎక్కువ కాలం చేసే పని ఎదురుచూడటమే. దానికి మెట్రోనోమ్ కన్నా, నోరు విప్పని నలుగురి కన్నా సరైన బొమ్మ నాకు తెలియదు.

‘సంగీత పాఠం’ తర్వాత ఆ కుటుంబం ఆ గదిలో మళ్లీ అలా కుదరలేదు. 1917 చివరికి మతీస్ దక్షిణాన నీస్ చేరుకున్నాడు. తర్వాతి ఏళ్లలో ఎక్కువ కాలం అక్కడే గడిపాడు. 1918లో పియర్ కూడా సైన్యంలో చేరాడు. కొడుకులిద్దరూ ప్రాణాలతో తిరిగొచ్చారు. పియర్ తర్వాత న్యూయార్క్‌లో చిత్రాల గ్యాలరీ పెట్టి పేరు తెచ్చుకున్నాడు. 1939లో మతీస్, ఆమెలీ విడిపోయారు.

అప్పటికి రెండో యుద్ధం వచ్చింది. తోటలో తల వంచుకుని కుట్టుకుంటూ కనిపించిన ఆమెలీ, 70 దాటిన వయసులో జర్మన్ ఆక్రమణను ఎదిరించే రహస్య దళాల కోసం టైపు కొట్టింది. తమ్ముడికి పాఠం చూపిస్తూ నిలబడిన మార్గరీట్ వాళ్ల సమాచారం చేరవేసేది. 1944 ఏప్రిల్‌లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఇద్దరినీ పట్టుకుంది. ఆమెలీ నెలల తరబడి జైల్లో ఉంది. మార్గరీట్‌ను రెన్ నగరంలో చిత్రహింసలు పెట్టి, జర్మనీలోని రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరానికి పోయే రైలెక్కించారు. సరిహద్దు చేరకముందే రైలు ఆగిపోయిన గందరగోళంలో ఆమె బయటపడింది. మతీస్‌కు అప్పుడు 74 ఏళ్లు. పెద్ద ఆపరేషను తర్వాత ఎక్కువగా మంచానికే పరిమితమై, నీస్ దగ్గరి వాన్స్‌లో ఉన్నాడు. భార్య, కూతురు ఎక్కడున్నారో నెలల పాటు తెలియలేదు. 1914లో తల్లి కోసం చూసినట్టే మళ్లీ ఎదురుచూశాడు.

1945 మొదట్లో మార్గరీట్ తండ్రి దగ్గరికి వచ్చింది. జైల్లో జరిగినదంతా చెప్పింది. ఆయన వింటూ, ఆ ముఖాన్ని మళ్లీ మళ్లీ గీశాడు.